నిలవని నెత్తురు

మదనపల్లె,
7 జూలై 2024

మా నీలూకు ఘని మామ దువాలు. నీ మొగుడు ఇమ్రాన్‌కు కూడా, మిగిలితే.

నేను పంపిన పరుపు వెనక్కి వచ్చింది. మీసాలు మొలవక ముందు నుంచి పరుపులు కుడతాండాను. నా పరుపు వద్దన్నోళ్ళు ఇంతవరకు లేరు, కొత్త పెండ్లికొడుకులు కూడా కిక్కురుమనలేదు. మీ బెంగళూరు ఆసుపత్రి వాకిట్లో సెక్యూరిటీ ఆయప్ప మాత్రం దాన్ని వేలితో పొడిచి చూసి 'దూదిలో క్రిములుంటాయి, లోపలికి పోదు' అన్నాడంట. ఆయప్ప తల కింద పెట్టుకునే దిండు విప్పి నేను చూపిస్తే అదే ఆసుపత్రిలో చేరతాడు.

ఫోన్ చేయకుండా ఉత్తరం యాల రాస్తాండావని అడగొద్దు. దూది ఏకే మిషన్ పక్కన నలభై ఏండ్లు నిలబడిన చెవులు ఇవి. నీకేమో నోరంతా పుండ్లు లేచి మాట రాకుండా ఉండాది. మూగామె, చెవిటాయన ఫోన్లో మాట్లాడుకుంటే లాభపడేది ఫోను కంపెనీ ఒకటే. అందుకని నేను కాగితం మీద రాస్తాను. అంగడికి ఎదురుగా కాఫీ హోటల్ రంగప్ప ఉండాడు కదా, వాడు తన ఫోన్లో ఫోటో తీసి ఇమ్రాన్‌కు పంపుతాడు. చదవకుండా తీస్తానని ఒట్టేసినాడు. పైన పెండ్లికొడుకుల మాట రాసేటప్పుడే వెనక నుంచి నవ్వినాడు.

నీ ఎముకల్లో మూలుగ రక్తం చేసేది మానేసిందని ఇమ్రాన్ చెప్పినాడు. మనం పాయా వండుకున్నప్పుడు మూలుగ చప్పరించి ఎముక కుక్కకు వేస్తాము. లోపల అంత పెద్ద ఫ్యాక్టరీ ఉండాదని ఎవరికి తెలుసు? ఎవరిదో బిడ్డ బొడ్డుతాడులో రక్తం తెచ్చి నీకు ఎక్కించినారంట. మన ఊర్లో మంత్రసానులు ఆ బొడ్డుతాడులు ఎన్ని గుంత తీసి పూడ్చినారో. అంత రక్తం మట్టిపాలు.

వచ్చే శుక్రవారం నమాజు కాగానే బస్సెక్కి వస్తాను. నువ్వు ధైర్యంగా ఉండు. నేను ఎట్లాగూ ఉంటాను.

ఇట్లు,
నీ పరుపుల మామ, ఘని

*

బెంగళూరు,
16 జూలై 2024

మామకూ, నీకన్నా ముందే తన ఫోన్లో ఇది చదివే రంగప్ప మామకూ సలాములు.

శుక్రవారం వచ్చింది, పోయింది. నువ్వు రాలేదు. ఏ శుక్రవారమో నువ్వు రాయలేదు కాబట్టి నిన్ను పట్టుకోలేను. పిల్లలకు వ్యాకరణం చెప్పే టీచర్ని, ఇలాంటి చోటే దెబ్బ తిన్నాను.

నా గది గురించి చెబుతాను. ఒక మంచం, ఒక గాజు గోడ. గాజుకు అవతల ఇమ్రాన్ కుర్చీ. లోపలికి నర్సులూ డాక్టర్లూ తప్ప ఎవరూ రారు. నాలో తెల్లకణాలు లేవు కాబట్టి ఎవరైనా తుమ్మితే నేను పోతాను. నర్సుల్లో మునీశ్వరి అని నేను పనిచేసే కుప్పం అమ్మాయే ఉంది. 'మా తమ్ముణ్ణి పదోతరగతిలో తెలుగులో ఫెయిల్ చేసింది మీరే కదా మేడం' అని సూది పట్టుకుని అడిగింది. ఆ ఏడాది నేను పేపర్లు దిద్దలేదని కాగితం మీద రాసి చూపించాను. నమ్మినట్టే పొడిచింది.

బొడ్డుతాడు రక్తం ఎంత ఉందనుకున్నావు? మీ రంగప్ప హోటల్లో ఒక స్ట్రాంగ్ కాఫీ అంత. ఏదో బ్యాంకులో గడ్డకట్టించి దాచిందట, కరిగించి పోశారు. మగబిడ్డదని మునీశ్వరి చెప్పింది. అందుకని చిన్నోడు అని పేరు పెట్టాను. చిన్నోడు నా ఎముకల్లోకి కాపురానికి వచ్చాడు, సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరు అన్నాడు. సర్దుకుంటే నా నెత్తురంతా వాడిదే అవుతుంది. అప్పుడు ఇమ్రాన్‌కు నేను పెళ్ళామా, పసిపిల్లాడా అని మునీశ్వరి అడుగుతోంది.

మొదట్లో డాక్టరు, తోబుట్టువులు లేరా, అమ్మ వైపు రక్త సంబంధం ఎవరూ లేరా అని అడిగాడు. లేరన్నాను. అందుకే ఈ చిన్నోడి దాకా వెళ్ళాల్సి వచ్చింది.

నువ్వు ఎప్పుడు వస్తావు? తేదీ వేసి రాయి.

నీ మేనకోడలు,
నిలోఫర్

*

మదనపల్లె,
25 జూలై 2024

నీలూకు మామ దువాలు. చిన్నోడికి ముద్దులు. వాడికి చెప్పు, వచ్చింది మంచి ఇంటికే, ఆ ఇంట్లో నోరు మాత్రం ఎక్కువని.

మిషన్ బెల్టు తెగింది. మార్చినాను. మళ్ళీ తెగింది. అందుకే రాలేదు. ఇది అబద్ధం కాదు, రంగప్పను అడుగు. వద్దు, వాణ్ణి అడగొద్దు.

అమ్మ వైపు ఎవరూ లేరని డాక్టరుకు యాల చెప్పినావని రంగప్ప అడగతాండాడు. చూసినావా, చదవకుండా ఫోటో తీసేవాడు! పోనీలే, నా వయసు చూసి నన్ను ఎందుకు ఇబ్బంది పెట్టాలని అనుకున్నావేమో. నాకు షుగరు కూడా ఉండాది కదా. మోకాళ్ళు కూడా. నువ్వు చెప్పింది మంచిదే.

పుంగనూరులో మీ పిన్నమ్మ సయీదాకు నీ సంగతి నేను చెప్పలేదు. మీ అమ్మ పోయిన నలభయ్యో దినం బిర్యానీ గొడవ అయినప్పటి నుంచి మూడేండ్లుగా మాకు మాటల్లేవు. ఆ ఊరి మీదుగా చౌడేపల్లెకు పోవాల్సి వచ్చినా ఆయమ్మ గాజుల అంగడి ముందర బస్సు పోతుంటే అటు పక్క కిటికీ మూసుకుంటాను.

ఈసారి టమోటా రేటు చూసి రైతులు ఏడవాలో నవ్వాలో తెలియక మార్కెట్లోనే పడుకుంటాండారు. పరుపులు ఎవరు కొంటారు?

త్వరలో వస్తాను. తేదీ అల్లాకు తెలుసు.

ఇట్లు,
బెల్టు తెగిన ఘని

*

బెంగళూరు,
14 ఆగస్టు 2024

మామా,

చిన్నోడు పోయాడు.

అంటే ఎక్కడో ఉన్న ఆ బిడ్డ కాదు, వాడు ఎక్కడున్నా నూరేళ్ళు ఉండాలి. నాలో వాడు నిలవలేదు. రోజూ రక్తం తీసి తెల్లకణాలు లెక్కపెడతారు. మొన్నటి దాకా 'ఇంకా టైముంది, బొడ్డుతాడు రక్తం నెమ్మదస్తురాలు' అన్నారు. నిన్న మూలుగ తీసి పరీక్ష చేశారు. చిన్నోడిది ఒక్క కణం కూడా లేదు. ఇల్లు ఊడ్చి తాళం వేసినట్టు ఉందట. నాది ఎలాగూ లేదు, ఇప్పుడు వాడిదీ లేదు. అద్దెకు వచ్చినోడు చెప్పకుండా ఖాళీ చేశాడు.

డాక్టరు మంచివాడే. తల దించుకుని చెప్పాడు. ఇలా ఖాళీగా ఎన్నో వారాలు ఉండలేనట, ఏ జ్వరం వచ్చినా తట్టుకోలేనట. మళ్ళీ మార్పిడి చేయాలి. ఈసారి పూర్తిగా కలవకపోయినా ఫరవాలేదు, అమ్మ వైపు గానీ నాన్న వైపు గానీ రక్త సంబంధం ఉన్నవాళ్ళు సగం కలిస్తే చాలట. మళ్ళీ గట్టి మందులు ఇస్తామని, జుట్టు ఊడుతుందని హెచ్చరించాడు. 'ఊడాలంటే ఉండాలి కదా సార్' అని రాసి చూపించాను. పాపం, నవ్వాలో వద్దో ఆయనకు తెలియలేదు.

నాన్న వైపు ఎవరూ మిగల్లేదు. నేను కొంచెం ఆలోచించుకోవాలి.

మామా, నాకు భయంగా ఉంది. ఇమ్రాన్ ముందు నవ్వుతున్నాను, వాడు గాజు అవతల నా కన్నా ఎక్కువ నవ్వుతున్నాడు. మా ఇద్దరికీ దవడలు నొప్పి. నువ్వు ఒక్కసారి రా. గాజుకు అవతల నిలబడినా చాలు.

నీలూ

*

మదనపల్లె,
17 ఆగస్టు 2024

బంగారూ,

నీ ఉత్తరం చూసి రంగప్ప కాఫీ గ్లాసు కింద పడేసినాడు. నేను అంగడి షట్టరు దించి లోపల కూచున్నాను.

నువ్వు దిగులు పడొద్దు. నేను ఏర్పాటు చేసినాను. రేపు పొద్దున బస్సుకు రంగప్ప వస్తాండాడు. వాడు నా మాదిరి కాదు, షుగరు లేదు, బీపీ లేదు, బుద్ధి కూడా లేదు. ఓ పాజిటివ్ రక్తం, చానామందికి పనికొస్తాదంట. నీ చిన్నప్పుడు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినాడు కదా, అదీ ఒక సంబంధమే. చేతికి ఒక మూట టమోటాలు కూడా ఇచ్చి పంపుతాండాను, డాక్టరుకు.

నేను రావాలనే ఉండాది. మోకాలు వాచింది. దూది వేడి చేసి కట్టుకుంటాండాను.

మామ

*

బెంగళూరు,
20 ఆగస్టు 2024

మామా,

రంగప్ప మామ వచ్చాడు. రిసెప్షన్లో చొక్కా చెయ్యి పైకి మడిచి 'ఎంత కావాల్నో తీసుకోండి' అని కుర్చీలో కూర్చున్నాడట. ఇది ఆ రక్తం కాదు, అన్నం రాశిలో అన్నం వేసినట్టు పోసేది కాదు, అమ్మానాన్నల నుంచి దిగే గుర్తులు కలవాలి అని చెప్పడానికి ముగ్గురు కావలసి వచ్చారు. చివరికి మామూలు రక్తం ఒక సంచి ఇచ్చి, బిస్కెట్లు తిని, గాజు దగ్గరికి వచ్చి నన్ను చూసి ఏడ్చాడు. టమోటాలు డాక్టరు తీసుకున్నాడు.

ఏ సంబంధమూ లేని మనిషి వచ్చి ఏడ్చి వెళ్ళాడు. నువ్వు మోకాలికి దూది కట్టుకున్నావు.

రంగప్ప మామకు అబద్ధం రాదు. నీ మోకాలు బాగానే ఉందని, మొన్న నువ్వు పరుపు నెత్తిన పెట్టుకుని మేడ ఎక్కావని ఇమ్రాన్‌తో చెప్పాడు. రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి. బెల్టు మీదా మోకాలి మీదా పెట్టకు.

నిలోఫర్

*

మదనపల్లె,
22 ఆగస్టు 2024

నీలూ,

ఇది రంగప్పకు ఇవ్వలేదు. పోస్టులో వేస్తాండాను. ఇమ్రాన్ గాజుకు పట్టి చూపించాల, వాడు చదవగూడదు.

నాకు రావడం ఇష్టం లేక కాదు. వస్తే నా చేతిలో సూది గుచ్చుతారు. నెత్తురు మిషన్లో పెడతారు. అది నేను నీకు ఏమీ కానని చెప్తాది. ఆ మాట నువ్వు మిషన్ నోటి నుంచి వినకూడదని దాక్కున్నాను.

నేను మీ అమ్మకు తోడబుట్టినోణ్ణి కాదు. మా అమ్మ నన్ను కని ఆ పొద్దే పోయింది. పక్క ఇంట్లో మీ జేజి దగ్గర మీ అమ్మ కుల్సుమ్ పాలు తాగతాండాది. మీ జేజి నన్ను ఎత్తుకుని రెండో పక్క వేసుకున్నింది. అట్లా ఆ ఇంట్లోనే పెరిగినాను. ఒక తల్లి పాలు తాగితే తోబుట్టువులే, పెండ్లి కుదరదు, పరదా లేదు, అది మన మతంలో గట్టిగా ఉన్న మాట. మీ అమ్మ, నేను ఏ పొద్దూ వేరేగా అనుకోలేదు. ఆయమ్మ నన్ను కొట్టిన దెబ్బలు సొంత తమ్ముణ్ణి అయితేనే కొట్టే దెబ్బలు.

నలభయ్యో దినం గొడవ బిర్యానీలో ముక్కల గురించి అని ఊరంతా చెప్పుకుంటారు. నేనే అట్లా చెప్పించినాను. ఆ పొద్దు మీ అమ్మ పేరున ఫాతిహా చదివేదానికి నేను ముందర కూచుంటే సయీదా అందరి ముందరా 'నువ్వు యాల ముందర కూచుంటావు? మా నెత్తురా నువ్వు?' అన్నింది. నేను బిర్యానీ గిన్నె తన్ని వచ్చేసినాను. ముక్కలు నిజంగానే తక్కువ, అది వేరే విషయం.

ఇప్పుడు నీకు కావాల్సింది ఆ నెత్తురే. అది నా దగ్గర లేదు, సయీదా దగ్గర ఉండాది. నేను సిగ్గుపడి నెల పోగొట్టినాను. రేపో ఎల్లుండో పుంగనూరు పోయి ఆయమ్మ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వన్నది నిజమే, నేను మీ నెత్తురు కాను, నువ్వే కదా, రా అని చెప్తాను.

నిన్ను మోసం చేసినాను అనుకోవద్దమ్మా. నువ్వు పుట్టినప్పుడు అజాన్ నీ చెవిలో చెప్పింది నేనే. అప్పుడు నన్నెవరూ నెత్తురు అడగలేదు.

ఘని
(మామ అని రాసేదానికి చెయ్యి రాలేదు)

*

బెంగళూరు,
25 ఆగస్టు 2024

రంగప్ప మామా, ఇది నీ ఫోన్‌కే పంపిస్తున్నాను. బాగా చదువు. హోటల్లో అందరికీ చదివి వినిపించు. తర్వాత మా మామ ముక్కు ముందు పెట్టు.

మామా,

ఇమ్రాన్ నీ ఉత్తరాన్ని కళ్ళు గట్టిగా మూసుకుని గాజుకు పట్టాడు, తలకిందులుగా. మెడ తిప్పి చదివాను. అందుకే మెడ నొప్పి, కోపం రెండూ ఉన్నాయి.

నువ్వు అమ్మకు పాల తోబుట్టువని నాకు పదేళ్ళప్పటి నుంచి తెలుసు. అమ్మే చెప్పింది, గోరింటాకు పెడుతూ. కుప్పంలో మా పక్కింటివాళ్ళకు తెలుసు. ఇమ్రాన్‌కు తెలుసు. తెలియదని నువ్వొక్కడివే అనుకున్నావు. ఆసుపత్రిలో చేరిన రోజే డాక్టరుకు చెప్పాను, మా మామ ఉన్నాడు గానీ రక్తానికి పనికిరాడు, ఆయన్ని పొడవకండి అని. నువ్వు వచ్చినా ఎవ్వరూ సూది పట్టుకునేవాళ్ళు కారు.

నేను రమ్మన్నది నీ నెత్తురు కోసం కాదు. నీ కోసం. భయమేస్తే చిన్నప్పుడు నీ అంగట్లో దూది కుప్పలో దూరేదాన్ని, నువ్వు బయట కూర్చుని కుట్టుకుంటూ ఉండేవాడివి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. గాజు అవతల కూర్చోమంటే, నువ్వు ఊరంతటినీ పంపి నువ్వు మాత్రం రాలేదు.

ఇక పిన్నమ్మ సంగతి. ఆ రోజు నేను వంటింటి గుమ్మంలోనే ఉన్నాను. ఆమె అన్నది విన్నాను. మా మామను అంత మాట అన్న మనిషి దగ్గర చుక్క కూడా తీసుకోకూడదనుకున్నాను. అమ్మ వైపు ఎవరూ లేరని డాక్టరుకు చెప్పింది అందుకే. పరాయి బిడ్డ బొడ్డుతాడు దాకా పోయింది అందుకే. ఇప్పుడైనా నువ్వు ఆమె కాళ్ళు పట్టుకుంటే నాకు ఆ నెత్తురు వద్దు. అడగాలంటే నేనే అడుగుతాను. నా మూర్ఖత్వం ఎవరి పోలికో తెలియదు. నీ పోలిక అయితే కాదు కదా, మిషన్ ఒప్పుకోదు.

కానీ మామా, నాకు బతకాలని ఉంది. ఇంత పౌరుషంగా రాసి ఈ మాట కూడా రాస్తున్నాను.

మామ అని రాయడానికి చెయ్యి రాకపోతే ఆ చెయ్యి కోయించుకో.

నీలూ

*

పుంగనూరు,
26 ఆగస్టు 2024

నీలూకు నీ మామ (చూసినావా, రాసినాను) దువాలు.

పొద్దున్నే ఈడికి వచ్చినాను. సయీదా గాజుల అంగడి ఎదురుగా నిలబడినాను. లోపలికి పోయేదానికి కాళ్ళు రాలేదు. మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది. ఆయమ్మ ఎవరో పెండ్లికూతురికి గాజులు ఎక్కిస్తాండాది, నన్ను చూసింది, చూడనట్టే సబ్బునీళ్ళు రుద్దుతాండాది.

ఇంతలో మదనపల్లె బస్సు దిగి రంగప్ప ఫోన్ పైకెత్తి 'ఒరే ఘనీ, చదువురా, ఊరంతా చదివేసినారు!' అని అరుచుకుంటా వచ్చినాడు. నేను ఆడనే రోడ్డు మీద చదివినాను. చదవతా చదవతా కూలబడిపోయినాను. ఆటో వాడు హారన్ కొట్టినాడంట, నాకేం వినిపిస్తాది.

సయీదా వచ్చి ఫోన్ లాక్కున్నింది. చదివింది. పెండ్లికూతురు సబ్బు చేతులతో వాకిట్లో నిలబడి ఉండాది. సయీదా ముందు నన్ను తిట్టింది, తర్వాత నిన్ను తిట్టింది, తర్వాత చనిపోయిన మీ అమ్మను కూడా తిట్టింది. నా చెవి దగ్గర నోరు పెట్టి తిట్టింది కాబట్టి అన్నీ వినిపించినాయి.

'అది సస్తాంటే కూడా నాకు చెప్పకూడదనుకున్నారా? ఆ పొద్దు అక్క పోయిందని మతి లేక నోరు జారినాను. నేను ఒక మాట అంటే నువ్వు దాన్ని పరుపులో పెట్టి కుట్టుకుని మూడేండ్లు దాని మీదే పండుకున్నావు కదరా!'

నేను కాళ్ళు పట్టుకోలేదు, నువ్వు వద్దన్నావు కదా. అవకాశం కూడా ఇవ్వలేదు. అంగడి మూసి సంచి సర్దుకుంటాండాది. ఒకటే షరతు పెట్టింది. 'ఈ మనిషి నా పక్కన కూచుంటేనే సూది పొడిపించుకుంటాను. లేకుంటే నా నెత్తురు నాతోనే ఉంటాది.' సూది అంటే ఆయమ్మకు భయమంట. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదంట.

రేపు పొద్దున బస్సుకు ఇద్దరం వస్తాండాము. ఈసారి వచ్చే తేదీ కూడా వేసినాను, 27 ఆగస్టు.

కాసుకో,
మామ

*

బెంగళూరు,
12 అక్టోబర్ 2024

మామా,

నువ్వు ఎదురుగా కూర్చున్నా ఉత్తరమే రాయాల్సి వస్తోంది. మధ్యలో ఒక గాజు, నీ రెండు చెవులు. ఈ కాగితాన్ని ఈసారి సరిగ్గా పట్టమని ఇమ్రాన్‌కు చెప్పాను.

పొద్దున ఫలితం వచ్చింది. నా మూలుగలో ఉన్నదంతా పిన్నమ్మదే. నిలిచింది. తెల్లకణాలు ఈ వారం రోజూ పెరుగుతున్నాయి. డాక్టరు 'ఇంకా జాగ్రత్తగా ఉండాలి, కొన్ని నెలలు చెప్పలేం' అన్నాడు గానీ, ఈసారి తల దించుకోలేదు. మునీశ్వరి నాకు చేయి ఇచ్చి అడుగులు వేయించింది. నాకు పొద్దుటి నుంచి ఎవరినో ఒకరిని తిట్టాలనిపిస్తోంది. పిన్నమ్మ నెత్తురు పనిచేస్తున్నట్టే.

నిన్న డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు మీ ఇద్దరూ గాజు అవతల బెంచీ మీద కొట్టుకుంటున్నారు. మాకు మాటలు వినిపించవు, చేతులు మాత్రం కనబడతాయి. పిన్నమ్మ టిఫిన్ డబ్బా మూతతో నీ భుజం మీద కొట్టింది. నువ్వు ఆమె చెప్పులు బెంచీ కిందికి తన్నావు.

డాక్టరు మిమ్మల్ని చూసి అడిగాడు.

"ఆవిడ డోనర్, తెలుసు. ఆ పెద్దాయన ఎవరమ్మా? నెలన్నరగా రోజూ వస్తాడు. టెస్టు లేదు, రక్తం ఇవ్వడు, చెబితే వినబడదు. ఊరికే అక్కడ కూర్చుంటాడు."

నోటి పుండ్లు మానాయి కదా, నేనే మాట్లాడాను.

"మా మామ సార్. ఆయన్ని అందుకే రమ్మన్నాను."

రేపు కాస్త పెందలాడే రా.

నీలూ